థర్మోస్టాట్ వాల్వు

ఎముకకు చీము పడుతుందని
ముప్పైతొమ్మిదో ఏటి దాకా నాకు తెలీదు.
ఇనుముకు తుప్పు తెలుసు.
ఆటోనగర్ అడ్డరోడ్డులో రేడియేటర్ల షెడ్డు నాది.
లారీ ఎక్కడ కాగుతోందో
బానెట్ మీద అరచెయ్యి పెట్టి చెబుతాను.

జాకీ జారింది. అంతే.
మోకాలి కింద రెండు ముక్కలు, ఒక రాడ్డు, పదకొండు కుట్లు.
కుట్లు మానాయి. లోపలిది మానలేదు.
నెలకోసారి చిన్న నోరు తెరిచి
పసుప్పచ్చగా ఏదో చెప్పి మూసుకునేది.

రెండేళ్ళు జేబులో పెట్రోలు గుడ్డతో తిరిగాను.
షేర్ ఆటోలో పక్కవాడు ముక్కు తిప్పకముందే
గుడ్డ తీసి, శుభ్రమైన చేతులు తుడుచుకునేవాణ్ణి.
మెకానిక్కులే, అనుకునేవాళ్ళు.
ఇంట్లో రహమత్ ఏమీ అనేది కాదు.
దుప్పటి మాత్రం రోజూ ఉతికేది.

సూదులు. ఆరు వారాలు, మళ్ళీ ఆరు వారాలు.
మందు ఒళ్ళంతా తిరిగేది,
చెవుల్లో హోరై, కడుపులో వికారమై.
కాలి దగ్గరికొచ్చేసరికి
నెలాఖరు జీతంలా చుక్క మిగిలేది కాదు.

సూర్యారావుపేటలో
డాక్టర్ తాయారు గారు ఒక సీసా చూపించారు.
లోపల లేత ముంజె లాంటిది, వణుకుతోంది.
"చచ్చిన ఎముక గీకేస్తాం సుభానీ.
ఆ గుంటలో దీన్ని నింపుతాం. మందు దీని కడుపులో ఉంటుంది.
చీము పులుపు తగిలితేనే వదుల్తుంది,
పులుపు తగ్గితే బిగపడుతుంది.
ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఒప్పుకోవాలని లేదు.
నయమవుతుందని మాటివ్వను."

కాయితం మీద వల గీస్తున్నారావిడ, వల నిండా చుక్కలు.
నేను సంచిలోంచి థర్మోస్టాట్ తీసి
సిస్టర్ దీవెనమ్మ టీకి కాచిన నీళ్ళలో పడేశాను.
"అయ్యో, తాగే నీళ్ళయ్యా అవి!"
లోపల మైనం కరిగింది.
ఇత్తడి బిళ్ళ నిదానంగా లేచి దారిచ్చింది.
తీసి కుళాయి కింద పెడితే
మెల్లగా మూసుకుంది, ఏమీ ఎరగనట్టు.
"ఇదేనా మేడమ్?"
చాలాసేపు దాన్నే చూశారు.
"ఎంత ఇది?"
"నూటఎనభై."
"మాది చాలా ఎక్కువ" అని నవ్వారు.
ఉర్దూలో సంతకం పెట్టాను.

"లోపల ఏం చేస్తోందది?" అనేది రహమత్, కట్టు వైపు చూస్తూ.
ఏమీ చెయ్యట్లేదేమో. అదే మంచిదేమో.
పదిహేడో రాత్రి జ్వరమొచ్చింది.
కాలు కాగిన బ్లాకులా ఉంది.
ఇప్పుడు తెరుచుకో, ఇప్పుడు, అన్నాను
పైకే అన్నానట, పక్క మంచం ముసలాయన లేచాడు.
తెల్లారేసరికి చెమట పట్టి దిగింది.
అదే తెరుచుకుందో, జ్వరమే అలిసిందో
నేనెలా చెప్పను?
ఎక్సరేలో గుంట అంచున పొగలాంటి తెలుపు.
ఎముక అలాగే మొదలవుతుందట.
"ఏడాది ఆగి చెబుతా" అన్నారు డాక్టరుగారు.

మే నెల. బెజవాడలో నీడ కూడా కాలుతోంది.
ఇబ్రహీంపట్నం బూడిద లారీ, ఆవిరి కక్కుతూ వచ్చింది.
"వాల్వు పట్టేసింది. పీకి పారెయ్యన్నా, అందరూ అంతేగా."
నేనూ అంతే.
ఇరవై ఏళ్ళుగా పీకినవి ఆ నూనె డబ్బా నిండా ఉన్నాయి.
బాజీ అప్పటికే పానా అందుకున్నాడు.
గొంతుక్కూర్చున్నాను, కాస్త వంకరగానే,
రెండేళ్ళలో మొదటిసారి.
"పాతది తియ్, కొత్తది వెయ్."
"ఎందుకన్నా? సగం రోజు మూసుకునే కదా ఉంటుంది!"
"అదీ పనేరా."
వాడికి అర్థం కాలేదు. డ్రైవరు డబ్బులు లెక్క చూసుకుంటున్నాడు.
నేను జేబులోంచి పెట్రోలు గుడ్డ తీశాను.
ఈసారి చేతులు నిజంగానే మురికిగా ఉన్నాయి.